రెండు స్విచ్చుల మధ్య ఒక మనిషి

ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను కలిసినప్పుడు రాకెట్ల గురించే అడుగుతారు. నిప్పు, పొగ, కౌంట్‌డౌన్, చప్పట్లు. నేను ముప్పై ఏళ్ళకు పైగా చేసిన పనిలో అవేవీ లేవు. రాకెట్ తన పని ముగించి రాలిపోయాక పైన ఉపగ్రహం ఒక్కటే మిగులుతుంది. అది తన చోటు నుంచి జారిపోకుండా నిలబెట్టడానికి దానికి చిన్న చిన్న థ్రస్టర్లు ఉంటాయి. నా పని వాటితో. ఒక్కో థ్రస్టర్ తోపు గుప్పెడు ఎండుమిరపకాయల బరువంత, అంతే. ఎవరూ వెళ్ళి బాగుచెయ్యలేని చోట, ఏళ్ళ తరబడి, అది నమ్మకంగా తోసేలా చూడటమే ఉద్యోగం. రోజులో ఎక్కువ భాగం ఏదో ఒక గేజీ ముల్లు కదలకుండా ఉందా లేదా అని చూస్తూ కూర్చోవడమే.

ప్రమోషన్ల గురించి రాయను. అవి సర్వీసు రిజిస్టర్లో ఉంటాయి, కావలసినవాళ్ళు చూసుకోవచ్చు. నాకు పని నేర్పిన సంగతులు రెండు మూడు ఉన్నాయి. వాటిలో ఒకటి మిగతా వాటన్నిటికన్నా పెద్దది. అది నేను తర్వాత చేరిన పెద్ద సంస్థలో జరగలేదు. గుంటూరుకు పడమరగా, పత్తిచేల మధ్య ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, ఎనభైల మధ్యలో జరిగింది. కాలేజీ పేరు చెప్పను. అప్పటివాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు.

ఇంధనానికి కరెంటు తోడు

మాది పొదిలి దగ్గర పల్లె. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఎమ్.టెక్ అయ్యాక నాకు దొరికిన మొదటి పని ఆ కాలేజీలో రీసెర్చ్ అసిస్టెంట్. ప్రొఫెసర్ సుందరరామయ్యగారి కింద. ల్యాబులో ఆడపిల్లను నేనొక్కదాన్నే.

చేరిన కొత్తలో బయటి నుంచి ఒక పెద్దమనిషి ల్యాబు చూడటానికి వచ్చి, నన్ను చూసి, అమ్మాయ్ టీ తెప్పించు అన్నారు. నేను లేవబోయాను. ప్రొఫెసర్‌గారు నన్ను కూర్చోమని సైగ చేసి, పంప్ ఎలా పనిచేస్తుందో ఆయనకు వివరించమని నాకు చెప్పి, తానే క్యాంటీన్‌కి వెళ్ళి మూడు గ్లాసులు రెండు చేతుల్లో పట్టుకుని వచ్చారు. దాని గురించి తర్వాత ఒక్క మాట కూడా అనలేదు. ఆయన గురించి ముందు ముందు రాయబోయే మాటలు చదివేటప్పుడు ఇది కూడా గుర్తుంచుకోండి.

మేం చేస్తున్న పని ఇది. అప్పట్లో మన ఉపగ్రహాల థ్రస్టర్లన్నీ రసాయనంతో నడిచేవి. ట్యాంకులోంచి ఇంధనం సన్నగా వచ్చి, దాన్ని విడగొట్టే ఉత్ప్రేరక గుళికల పొర మీద పడుతుంది. పడగానే విడిపోయి వేడి వాయువవుతుంది. ఆ వాయువు నాజిల్ గుండా బయటికి చిమ్ముతుంది. తోపు బలంగానే ఉంటుంది, కానీ ఇంధనం తాగేస్తుంది. ఇంధనం అయిపోయిన రోజున ఉపగ్రహంలో మిగతావన్నీ బాగున్నా దాని బతుకు ముగిసినట్టే. విద్యుత్తు థ్రస్టర్ సంగతి వేరు. సూర్యకాంతి నుంచి వచ్చే కరెంటుతో నడుస్తుంది, ఇంధనం కొద్దిగానే పడుతుంది, కానీ తోపు మరీ మెత్తన. ప్రొఫెసర్‌గారు ఈ రెంటినీ ఒకే థ్రస్టర్లో కలపాలనుకున్నారు. రసాయనం విడిపోయి అప్పటికే వేడిగా ఉన్న వాయువును, బయటికి పోయేముందు, కరెంటుతో తెల్లగా కాలే ఒక తీగచుట్ట మీదుగా పంపిస్తే ఇంకా వేడెక్కుతుంది, ఇంకా వేగంగా పోతుంది. అదే ఇంధనం మరికొన్నేళ్ళు వస్తుంది. బయటి దేశాల్లో అప్పటికే చేస్తున్నారు. మన దగ్గర లేదు.

అసలు ఇంధనం విషం, కాలేజీలో దాన్ని ముట్టుకునే అనుమతి లేదు. అది విడిపోతే వచ్చే వాయువుల్లాంటి మిశ్రమాన్ని సిలిండర్లలో తెచ్చుకుని వాడేవాళ్ళం. గాలి లేని స్టీలు గదిలో, అంటే వాక్యూమ్ చాంబర్‌లో, ఆ తీగచుట్ట ఎన్నాళ్ళు కాలితే తెగిపోతుందో తెలుసుకోవాలి. ప్రాజెక్టు మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. వారాల తరబడి ఆగకుండా కాలాలి. మధ్యలో కరెంటు పోతే పంపులు ఆగిపోతాయి, చాంబర్‌లోకి గాలి చేరుతుంది, ఇంకా చల్లారని తీగ ఆ గాలి తగిలి పాడైపోతుంది.

గుంటూరు జిల్లాలో, ఎనభైలలో, కరెంటు పోకుండా వారాల తరబడి ఒక పని జరగాలి. చదివేవాళ్ళు నవ్వుకోవచ్చు. మేం నవ్వుకోలేదు. అప్పటికే రెండు తీగచుట్టలు అలా పోగొట్టుకున్నాం. ఒక్కోటి చేయించుకోవడానికి నెలలు పట్టేది.

గది లోపల, గది బయట

సుందరరామయ్యగారంత శ్రద్ధగల మనిషిని ప్రయోగాల్లో నేను మళ్ళీ చూడలేదు. చాంబర్ లోపలికి పోయే ప్రతి మరమేకునూ స్పిరిట్‌తో తుడిపించి, తెల్లబట్ట మీద పెట్టించి, తాను చూశాకే బిగించనిచ్చేవారు. గేజీ ముల్లు వణికితే దాని అద్దం మీద గోటితో తట్టి, అది వణుకు కాదు, మనకు ఏదో చెబుతోంది అనేవారు. నేను రాసిన లెక్కల్లో తప్పు దొరికితే ఎర్రసిరాతో కొట్టెయ్యకుండా పక్కన చుక్క పెట్టేవారు, నేనే వెతుక్కోవాలని.

కానీ ఆ శ్రద్ధ అంతా చాంబర్ గోడ దగ్గర ఆగిపోయేది. గోడకు లోపల ఉన్నది శాస్త్రం, బయట ఉన్న తీగలు, స్విచ్చులు, జెనరేటర్ అన్నీ మేస్త్రీ పని అని ఆయన మనసులో ఎక్కడో ఒక గీత ఉంది. ఆయన ఒక్కరికే కాదు, మా అందరికీ ఉంది. మంచి ఇంజనీర్లలో ఈ జబ్బు ఇప్పటికీ చూస్తున్నాను.

దాచేపల్లి వైపు ఒక ఫ్యాక్టరీవాళ్ళు పక్కన పెట్టిన డీజిల్ జెనరేటర్ మాకు వచ్చింది. దాని షెడ్డు ల్యాబుకు దూరంగా, గ్రౌండు అవతల ఉండేది. షెడ్డులోనే చేంజోవర్ స్విచ్ ఉండేది. దానికి ఒకటే పిడి. పైకి తిప్పితే బయటి కరెంటు, కిందికి తిప్పితే జెనరేటర్. రెండూ ఒకేసారి కలవడానికి వీల్లేదు. పిడి ఒక్కటే కాబట్టి ఎవరు ఎంత తొందరలో ఉన్నా, ఎంత మరుపులో ఉన్నా, అది కుదరదు. అందుకే దాన్ని అలా చేశారు.

కరెంటు పోయినప్పుడల్లా ఆపరేటర్ రహంతుల్లా జెనరేటర్ నడిపించి, పిడి తిప్పి, వోల్టేజీ నిలబడేదాకా చూసి, ఇక్కడికి కబురు చేసేసరికి పంపుల వేగం పడిపోయేది. ఆ ఆలస్యం ప్రొఫెసర్‌గారికి భరించరానిదైంది. జెనరేటర్ తీగను చేంజోవర్‌తో పని లేకుండా నేరుగా ల్యాబులోకి లాగించారు. గోడ మీద రెండు స్విచ్చులు పక్కపక్కనే పెట్టించారు. ఒకటి బయటి కరెంటుకు, ఒకటి జెనరేటర్‌కు. ‘ముందు మెయిన్స్ దించాలి, తర్వాతే జెనరేటర్ ఎత్తాలి’ అని వాటి పైన ఎర్రరంగుతో రాయించారు. ఈ పరీక్ష అయ్యేదాకే, తర్వాత తీసేద్దాం అన్నారు.

మాలో ఎవరం అడ్డు చెప్పలేదు. ఆ తర్వాత కరెంటు పోయిన మొదటిసారి ముల్లు కొంచెం ఊగి మళ్ళీ తన చోటికి వచ్చేసింది. ఆ సాయంత్రం రహంతుల్లా అందరికీ మిరపకాయ బజ్జీలు తెచ్చాడు.

ఏసోబు

మా వైపు లైన్ చూసే లైన్‌మన్ ఏసోబు. కాలేజీ వెనక ఊళ్ళోనే ఉండేవాడు. పొడుగాటి మనిషి, గొంతు పెద్దది. గేటు దగ్గర మాట్లాడితే ల్యాబులో వినపడేది. మొదట్లో మాకూ అతనికీ రోజూ తగవే. మాకు కరెంటు వచ్చే ఫీడర్ లైన్ మీదే చుట్టుపక్కల మోటార్లన్నీ ఉండేవి. మాకు కరెంటు ఆగకూడదు, రైతులకు తడి ఆగకూడదు. మాకు కోత పెట్టొద్దని ప్రొఫెసర్‌గారు కరెంటువాళ్ళ పై ఆఫీసులో చెప్పించుకుంటే ఏసోబు వచ్చి ల్యాబు మెట్ల మీద కూర్చుని, మీరు చదువుకున్నారు గాబట్టి మీ మాట పైదాకా పోద్ది, మిరపతోటకు నోరు లేదు గదండీ అన్నాడు. ప్రొఫెసర్‌గారు నవ్వారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఎప్పుడు కరెంటు తీస్తారో ముందే వచ్చి చెప్పేవాడు. వచ్చినప్పుడల్లా టీ తాగేవాడు.

నేనూ క్రైస్తవురాలినని తెలిశాక నన్ను ఒక ఆదివారం వాళ్ళ చర్చికి రమ్మన్నాడు. వెళ్ళాను. అతని భార్య మరియమ్మను అక్కడే మొదటిసారి చూశాను. మిరపకోతలకు పోయే మనిషి. వాళ్ళ కూతురు ఆమె ఒడిలో నిద్రపోతోంది. పాటల్లో ఏసోబు గొంతు మిగతా అందరి గొంతులనూ మింగేస్తుంటే మరియమ్మ మోచేత్తో పొడుస్తూ ఉంది.

మే నెల గాలివాన

ఆ వేసవి సెలవుల్లో మూడో తీగచుట్ట అప్పటిదాకా ఏదీ కాలనన్ని రోజులు కాలింది. కాలేజీ ఖాళీ. హాస్టళ్ళు మూసేశారు. ఆఫీసులో ఒక గుమాస్తా, ల్యాబులో మేం నలుగురం. పక్క పొలాల్లో మిరప కల్లాలు ఇంకా కొన్ని ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆకాశం మసకబారి గాలి లేచింది. కల్లాల దగ్గర జనం పట్టాలు కప్పడానికి పరుగులు పెడుతున్నారు. మట్టి, మిరపగింజలు కలిసి కళ్ళల్లో పడుతున్నాయి. కరెంటు పోయింది. ప్రొఫెసర్‌గారే లేచి వెళ్ళి మెయిన్స్ పిడి దించారు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. షెడ్డులో జెనరేటర్ అందుకుంది. రెండో పిడి ఎత్తారు. పంపులు మళ్ళీ మోగాయి. ముల్లు నిలబడింది.

గాలి తగ్గి, నాలుగు చినుకులు పడి ఆగిపోయింది. కాలేజీ వెనక లైన్ మీద ఎక్కడో తీగ తెగిందని, ఏసోబు చూడటానికి వెళ్ళాడని గేటు దగ్గర ఎవరో చెప్పుకుంటున్నారు. మేం మా పనిలో ఉన్నాం.

అప్పుడు ఆఫీసు గుమాస్తా గ్రౌండు దాటుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, మామూలుగా చెప్పాడు.

“కరెంటు వచ్చిందండీ. ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది. ఇక జెనరేటర్ ఆపేసుకోండి.”

ప్రొఫెసర్‌గారు సరేనన్నట్టు తల ఊపి, మళ్ళీ గేజీ వైపు తిరిగి, అక్కడే ఆగిపోయారు. ఆయన మొహం మారడం నేను చూశాను. బయటి కరెంటు రాలేదు. వస్తే సబ్‌స్టేషన్ నుంచి ముందు ఫోన్ వచ్చేది. మా మెయిన్స్ పిడి కిందికే ఉంది. ఆఫీసులో ఫ్యాను తిరుగుతోందంటే దానికి కరెంటు మా దగ్గర్నుంచే పోతోంది.

ఆయన పరుగెత్తి జెనరేటర్ స్విచ్ దించేశారు. పంపులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో కాలేజీ వెనక నుంచి అరుపులు వినపడ్డాయి.

తర్వాత విప్పి చూస్తే తెలిసింది. కరెంటు పోయినప్పుడల్లా దించీ ఎత్తీ, మెయిన్స్ స్విచ్ లోపల ఒక పలక కాలి అతుక్కుపోయింది. పిడి కిందికి వచ్చింది, పలక రాలేదు. మా జెనరేటర్ కరెంటు ఆ ఒక్క పలక గుండా బయటికి పోయి, కాలేజీ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక నుంచి ఎక్కి, అక్కడ హైటెన్షన్ అయి, చచ్చిపోయిందనుకున్న లైన్ మీదికి వెళ్ళింది. ఏసోబు సబ్‌స్టేషన్‌లో లైన్ తీయించాకే స్తంభం ఎక్కాడు. అతను చెయ్యాల్సింది అతను చేశాడు.

కల్లం పనివాళ్ళు అతన్ని కిందికి దించేసరికే ప్రాణం లేదు. మేం వెళ్ళేటప్పటికి పట్టా పరిచి, దాని మీద పడుకోబెట్టారు. మరియమ్మ అదే పొలంలో కాయలకు పట్టా కప్పడానికి వచ్చిన కూలీల్లో ఉంది. ఆమె ఏడవలేదు. అతని చెప్పులు స్తంభం మొదట్లో విడిచి ఉంటే, అవి తెచ్చి కాళ్ళకు తొడగడానికి చూస్తోంది. పాదాలు వాచిపోయి అవి పట్టలేదు.

చూసింది, తెలిసింది

మర్నాడు సమాధుల తోటలో, పాదిరిగారి ప్రార్థన అయ్యాక, సుందరరామయ్యగారు జనాన్ని తప్పించుకుంటూ మరియమ్మ దగ్గరికి వెళ్ళారు. అప్పటికి ఊళ్ళో ఎవరికీ కారణం తెలియదు. లైన్‌మన్‌దే తప్పని, సరిగ్గా లైన్ తీయించకుండా ఎక్కాడని మాటలు మొదలయ్యాయి.

“అమ్మా, మీ ఆయన తప్పేమీ లేదు,” అన్నారు అందరికీ వినపడేలా. “ఆ కరెంటు మా ల్యాబు నుంచి వచ్చింది.”

మరియమ్మ ఆయన్ను చూసింది. ఆమె తమ్ముడు ముందుకొచ్చి ఆయన చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరు పెద్దవాళ్ళు విడిపించారు. ఆయన చొక్కా సర్దుకోలేదు. గుండీ తెగిన చొక్కాతోనే అందరితోపాటు గుప్పెడు మట్టి వేసి, బయటికి వచ్చి, స్కూటర్ స్టార్ట్ చెయ్యడం చేతగాక నిలబడిపోయారు. నేను తోశాను.

ప్రిన్సిపాల్‌గారు చెడ్డ మనిషి కాదు. కాలేజీ మూతపడుతుందని ఆయన భయం. విచారణకు ముందు నన్ను పిలిపించి, కూర్చోబెట్టి, మెత్తగా మాట్లాడారు. పిడి దించే ఉంది కదా, నువ్వు కళ్ళారా చూశావు కదా, అదే రాయి చాలు, అబద్ధం రాయమని నేను అనను అన్నారు. లైన్‌మన్ ఎక్కేముందు తీగలను భూమికి కలిపే చైను వేసుకోలేదు, అది వాళ్ళ రూలు, అది వాళ్ళు చూసుకుంటారు. నీకు పెద్ద సంస్థలో ఇంటర్వ్యూ రాబోతోంది, ఈ గొడవలో పేరు పడటం దేనికి అని కూడా అన్నారు.

పిడి దించి ఉందన్న మాట నిజమే. నేను కాగితం తీసుకుని ల్యాబుకు వచ్చి ప్రొఫెసర్‌గారి ముందు పెట్టాను. ఆయన దాన్ని మళ్ళీ నా వైపే జరిపారు.

“నువ్వు చూసింది రాయి,” అన్నారు. “నీకు తెలిసింది కూడా రాయి. రెంటిలో ఏ ఒక్కటి రాసినా అది అబద్ధమే.”

రెండూ రాశాను.

విచారణలో కరెంటు ఆఫీసువాళ్ళు, కాలేజీ పెద్దలు ఎవరి కాగితాలు వాళ్ళు చదివారు. చైను వేసి ఉంటే ఏసోబు బతికేవాడా అని అధికారి ప్రొఫెసర్‌గారిని అడిగారు. ఆ ప్రశ్నలో ఆయన తప్పించుకునే దారి ఉందని గదిలో అందరికీ తెలుసు.

“బతికేవాడే,” అన్నారు ఆయన. “కానీ చైను లేక చనిపోలేదండీ. నేను పంపిన కరెంటుకు చనిపోయాడు. రెండూ కలవకుండా చేసే స్విచ్ ఒకటి ఉండేది. దాన్ని పక్కన పెట్టించింది నేను.”

ఏసోబు మీద నిర్లక్ష్యం రాయలేదు కాబట్టి మరియమ్మకు కరెంటు ఆఫీసులో అటెండర్ ఉద్యోగం ఇచ్చారు. ఆ ఒక్కటే అందులో జరిగిన మంచి. డబ్బిచ్చే సంస్థ ప్రాజెక్టు ఆపేసింది. చాంబర్ విప్పి లారీలో పట్టుకుపోయారు. ప్రొఫెసర్‌గారి మీద కేసు కొన్నాళ్ళు నడిచింది. జైలుకు పంపలేదు గానీ ల్యాబు బాధ్యతల్లోంచి తీసేశారు. ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా మొదటి సంవత్సరం పిల్లలకు డ్రాయింగ్ చెప్పారు. థ్రస్టర్ల గురించి ఎవరైనా అడిగితే, నా దగ్గర పుస్తకాలు లేవు నాయనా అనేవారు. అవి ఆయన అలమరాలోనే ఉన్నాయి, నేను చూశాను.

ఆయన నాకు గురువు. ఆయన చేసింది తప్పు. ఈ రెండు వాక్యాల మధ్య ‘కానీ’ పెట్టమని చాలామంది నాకు చెప్పారు. పెట్టను. ఆయన కూడా పెట్టుకోలేదు.

ఆ తర్వాత చేసిన పని

ఇంటర్వ్యూలో నన్ను ఆ ప్రమాదం గురించే అడిగారు. జరిగింది చెప్పాను. రసాయన థ్రస్టర్ల విభాగం చీఫ్, పెద్దగా మాట్లాడని మనిషి, ఒకే ప్రశ్న వేశారు. ఆ రెండు స్విచ్చుల స్థానంలో నువ్వయితే ఏం పెడతావు అని. ఒకటే పిడి పెడతానన్నాను. ఆయనకు అది చాలింది.

అక్కడ రెండు జట్లు ఉండేవి. రసాయనం వాళ్ళకు విద్యుత్తు వాళ్ళు పగటికలలు కనేవాళ్ళలా కనిపించేవారు. విద్యుత్తు వాళ్ళకు వీళ్ళు పాతకాలం వాళ్ళు. రెండు జట్లూ తమ తమ గడప దాకా అద్భుతంగా పనిచేసేవి. రెంటికీ మధ్య ఉన్న చోటు ఎవరిదీ కాదు. వాయువు రాకుండా తీగ వేడెక్కకూడదు. తీగ పాడైనప్పుడు ఇంధనం కవాటం ఒక పద్ధతిలోనే తెరుచుకోవాలి. రెంటికీ కరెంటు ఒకే బ్యాటరీ నుంచి రావాలి, ఒకదాని లోపం రెండోదానికి పాకకూడదు. ఆ మధ్య చోటు నేను అడిగి తీసుకున్నాను. అడిగినవాళ్ళు వేరే ఎవరూ లేరు.

ఒక సమీక్షలో, బరువు తగ్గించడానికి ఆ మధ్యలో ఉన్న రిలేను, అంటే వరస తప్పితే కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్‌ను, తీసేద్దామన్నారు. భూమి మీద నుంచి ఆదేశాలు సరైన వరసలో పంపిస్తే చాలు గదా అని వాదన. వరస రాసి ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. సంతకం చెయ్యలేదు. పని వెనకబడింది, నామీద కోపం వచ్చింది, కొన్నేళ్ళు నన్ను వెనకాల ‘స్విచ్చుల నిర్మల’ అన్నారు. ఆ రిలే ఎప్పుడైనా ఒక ఉపగ్రహాన్ని కాపాడిందా అంటే నాకు తెలియదు. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఉండదు. మీరు ఈ పనిలోకి వస్తే మెచ్చుకోలు లేని ఇలాంటి మొండితనం కొంత అలవాటు చేసుకోవాలి. తాత్కాలికం అన్న మాట ఎవరు పలికినా, అది మీకు ఎంత ఇష్టమైన మనిషైనా, ఎప్పటిదాకా అని అడగండి. అతికే చోట్ల మంచి మనుషుల తప్పులే ఎక్కువ. చెడ్డవాళ్ళను ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు.

మరియమ్మ

ఎనభైల చివర్లో సెలవు మీద ఇంటికి వస్తూ గుంటూరులో దిగాను. మరియమ్మ పనిచేసే ఆఫీసుకు వెళ్ళాను. అన్నాళ్ళూ ఆమెను చూడటానికి ధైర్యం చాలలేదు. నన్ను గుర్తుపట్టి, వరండా మెట్ల మీద కూర్చోబెట్టి, ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. తాను పక్కన కూర్చుంది. కూతురు హాస్టల్లో ఉండి చదువుతోందని, పాటలు బాగా పాడుతుందని, గొంతు మాత్రం తండ్రిదేనని చెప్పింది. సుందరరామయ్యగారు ఆ ముందు సంవత్సరమే గుండెపోటుతో పోయారు. ఆమెకు ఆ సంగతి తెలుసు. ఆయన ఏటా ఒకసారి సమాధుల తోటకు వచ్చేవాడని, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదని, తాను దూరం నుంచే చూసి ఊరుకునేదాన్నని అంది.

ఆమె ఫ్లాస్కు మూత బిగించి పక్కన పెట్టింది. తర్వాత ఆమె రోడ్డు వైపు చూస్తూ అడిగింది.

“ఆ రోజు కరెంటు పోతే పోయిందిలే అని ఊరుకుంటే మీకు ఏమయ్యేది అమ్మాయిగారూ? ఎవుర్నడిగినా ఇన్నాళ్ళూ నాకు చెప్పలా.”

“లోపల ఒక తీగ కాలుతుండేది అక్కా. అది చల్లారకముందే గాలి తగిలితే పాడైపోతుంది.”

“పాడైపోతే మళ్ళీ చేసుకోడానికి లేదా?”

“ఉంది. కొన్ని నెలలు పడుతుంది, అంతే.”

ఆమె తల ఊపింది. కోపం లేదు మొహంలో. అర్థం చేసుకోవాలని చూస్తున్న మనిషిలా ఉంది.

“ఎంతుంటది ఆ తీగ?”

నా దగ్గర ఆ కొలత మిల్లీమీటర్లతో సహా ఉంది. అది చెప్పలేకపోయాను. చిటికెన వేలు చూపించాను.

మరియమ్మ ఆ వేలిని తన చేతిలోకి తీసుకుంది. మొదలు దగ్గర ఒకసారి, కొస దగ్గర ఒకసారి తడిమి చూసింది. లోపల్నుంచి ఎవరో బెల్లు కొట్టారు. ఆమె నా వేలు వదిలి, పమిట సర్దుకుని, లేచి లోపలికి వెళ్ళింది.